తరవాణి కుండ

భావనపాడులో ఎండుచేపలు అమ్మే కూర్మమ్మ ముఖంలో ఏ కదలికా ఉండదు. వేటకెళ్లి మునిగిపోయిన మొగుణ్ణి ఒడ్డున పడుకోబెట్టినప్పుడు కూడా, అతని గుండెకి చెవి ఆనించి, కాసేపు విని, లేచిపోయింది. మైల తీరాక పాత కుండలన్నీ పారేసింది. పుల్లటి గంజి నిలవుండే తరవాణి కుండ కూడా వాటితోనే పోయింది. కొత్త కుండలో ఉత్త గంజీ నీళ్లూ పోసింది.

"పక్కింటి తరవాణి కాసింత తెచ్చి కలపనా అత్తా?" అంది కోడలు ఈశ్వరి.

"ఏటీ ఒద్దు. ఊరికే ఉంచితే దానికదే పుడతాది."

రోజూ పొద్దున్నే అన్నం వార్చిన గంజి అందులో పోసి, మూతపెట్టి, గంప ఎత్తుకుని పోయేది. ఇవాళ మూత తీస్తే సన్నటి నురగ కనిపించింది. కూర్మమ్మ వంగి కుండకి చెవి ఆనించింది. లోపల చిటపటమంటోంది.

"ఏటైనాది అత్తా?"

"బతికున్నాది," అంది కూర్మమ్మ, చెవి తీయకుండానే.