చీమల గృహప్రవేశం

రామాంజినప్ప మేష్ట్రు బాగేపల్లి మిడిల్ స్కూలులో సైన్సు చెప్పేవాడు. గొంతు పెంచని మనిషి. దారిలో పురుగు కనబడితే మాత్రం బడి గంట కూడా వినబడదు. శెనక్కాయల చేలో ఒక రాణిచీమ దొరికితే, దాని వెంట గుప్పెడు నల్లచీమలను సీసాలో పెట్టి ఇంటికి తెచ్చాడు. ఏడాదిగా చక్కెరనీళ్లు, చచ్చిన ఈగలు పెట్టి సాకుతున్నాడు.

అరవై ఒకటి జూలై ఆఖరులో చిక్కబళ్లాపురంలో బడుల వస్తుప్రదర్శన. చీమల కాపురం అద్దంలోంచి చూపిస్తానని హెడ్మాస్టరుకు మాటిచ్చాడు. ఇల్లు కట్టాడు. రెండు అద్దాలు, మధ్య తడి మన్ను, చుట్టూ కొయ్య చట్రం. సీసా నుంచి ఇంటికి దారి, ఒక బొప్పాయి కాడ.

చీమలు కాడ చివరిదాకా వచ్చాయి. మీసాలు ఆడించాయి. వెనక్కి పోయాయి. పది రోజులు ఇదే.

తల్లి అక్కయమ్మ గడప మీద కూర్చుని చూసింది.

"ఆషాడంలో ఎవురన్నా ఇల్లు మారతారా నాయినా? చీమలకుండే తెలివి నీకు లేదే."

"వాటికి పంచాంగం యాడిదమ్మా?"

"నీకుండాది కదా."

"శనివారమే ప్రదర్శన. శ్రావణం దాకా ఆగరు."

"అట్లయితే పాలన్నా పొంగిచ్చు. పాలు పొంగని ఇంట్లో నేనైతే అడుగు పెడుదునా?"

మేష్ట్రు సైన్సు మనిషి. అయినా గురువారం పొద్దున పాలు పొంగించి, బెల్లం వేసి, చల్లార్చి, చెంచాతో అద్దాల మధ్య పోశాడు.

చీమలు బారులు తీరి వచ్చాయి. అక్కయమ్మ హారతి పళ్లెం తెచ్చేలోగా తాగి, బారులు తీరి సీసాలోకి వెళ్లిపోయాయి.

"ఏందమ్మా ఇది?"

"గృహప్రవేశానికి వచ్చినోళ్లు తిని పోతారు గాని, ఆడే కాపురముంటారా?" అంది అక్కయమ్మ.

శనివారం పొద్దున సీసా, ఇల్లు, మధ్యలో కాడ ఊడకుండా పట్టుకుని బస్సెక్కాడు. మన్ను ఎండకుండా అద్దాల ఇంటికి తడి తువ్వాలు చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. సీసా కిటికీ పక్కన పెట్టాడు. దాని మీద ఎండ పడుతోంది.

"సీసాలో ఏమప్పా, మందా?" అన్నాడు పక్కాయన.

"చీమలు."

పక్కాయన లేచి నిలబడ్డాడు.

పేరేసంద్ర దాటాక మేష్ట్రు చూశాడు. ఒక చీమ తెల్లటి పిల్లను నోట కరచుకుని కాడలోకి దిగుతోంది. దాని వెనక ఇంకొకటి. సీసాలో ఎండ, ఇంట్లో చీకటి, తడి. వాటికి కావలసింది అంతే. ఊరు చేరేసరికి రాణి కూడా దిగిపోయింది.

ప్రదర్శనలో విద్యాశాఖ అధికారి మేష్ట్రు బల్ల ముందు ఆగాడు.

"తువ్వాలు తీయండి మేష్ట్రే."

మేష్ట్రు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇప్పుడే దిగినారు స్వామీ. వెలుతురు తగిలితే మళ్లా సామాన్లు సర్దుకుంటారు."

"మరి నేనేం చూడాల?"

మేష్ట్రు సీసా తీసి ఆయన చేతిలో పెట్టాడు.

"ఇది చూడండి. ఒక్కటీ మిగల్లేదు."

అధికారి ఖాళీ సీసాను వెలుతురుకు పట్టి, చాలాసేపు చూశాడు.