కర్పూరం ఆర్పిన చెయ్యి

ఒక మాట ఇన్నేళ్ళుగా నా గొంతులో అడ్డంపడి ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. తమిళంలో రాస్తే ఇంట్లో అందరూ చదివేస్తారు. తెలుగు మాట్లాడతారే గాని చదవడం మా ఇంట్లో నాకొక్కదానికే వచ్చు, చిన్నప్పుడు చిత్తూరులో అమ్మమ్మ దగ్గర ఉండి నేర్చుకున్నాను. అందుకే తెలుగులో రాస్తున్నాను. చూశారా, ఒప్పుకునేటప్పుడు కూడా దాక్కోవడానికి చోటు వెతుక్కున్నాను.

మాది కోవిల్‌పట్టి. మా ఆయనకు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పని. తొంభైలు ముగిసే రోజుల్లో మా అత్త మారిపోవడం మొదలైంది. అన్నం తిని చెయ్యి కడుక్కున్న కాసేపటికే వీధి అరుగు మీదికి పోయి, అక్కడ కూలికి అగ్గిపెట్టెలు అంటించే ఆడవాళ్ళతో, "పొద్దుట్నించి కూడు పెట్టలేదే నా కోడలు" అనేది. వాళ్ళు నన్ను చూసే చూపుకు తల కొట్టేసినట్టయ్యేది. ఒకామె అయితే గిన్నెలో అన్నం తెచ్చి నా కళ్ళముందే తినిపించింది. ఆ రోజు మా అత్తను ఎంత అసహ్యించుకున్నానో!

మా ఊరి డాక్టరు తలకు స్కాన్ తీయించమన్నాడు. మా ఆయనకు సెలవు దొరకలేదు. విరుదునగర్‌కు నేనే బస్సులో తీసుకెళ్ళాను. దారంతా నా కొంగు పట్టుకునే కూర్చుంది. సాత్తూరులో బస్సు దగ్గరికి దోసకాయలు అమ్మకానికొస్తే ఒకటి కొనిపెట్టమని అడిగింది. కొనలేదు.

అక్కడి డాక్టరు ఫిల్ము వెలుతురుకు పట్టి చూసి, గడ్డ లేదు, రక్తం కారింది లేదు అన్నాడు. అక్కడితో ఆపలేదు. ఇందులో ఏమీ లేదంటే జబ్బు లేదని కాదమ్మా, అన్నాడు. ఈ జబ్బులో మెదడులో ఒక రకం ప్రోటీను పాచిలా పేరుకుంటుంది, అది ఈ మిషనుకు కనబడదు, చూపించే మిషను మనకింకా రాలేదు. ఆమె నటించడం లేదు, నిజంగానే మరిచిపోతోంది. మదురైలో పెద్ద డాక్టరుకు చూపించండి.

సాయంత్రం మా ఆయన అడిగాడు. "స్కాన్‌లో ఏమీ లేదన్నారు" అన్నాను.

అంతే. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. మిగతా సగం మింగేశాను. ఎందుకు మింగానని నన్ను నేనే ఎన్నిసార్లు అడిగానో. నా పేరు నిలబడాలనా? జబ్బని చెప్పినా నిలబడేదే కదా. కాదు. జబ్బంటే వీధంతా ఆమెను చూసి అయ్యో అంటుంది. నాకు ఆ అయ్యో వద్దు. ఆమెకు తిట్లు పడాలి. అదీ నా బుద్ధి.

ఆ ఆదివారం మా ఆయనే పక్కన కూర్చుని ఆమెకు అన్నం పెట్టాడు. కాసేపటికే ఆమె అరుగు మీద మళ్ళీ అదే మాట అంది. మా వైపు ఎవరి మాట నిజమో తేలాలంటే, వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో కొట్టి ఆర్పి సత్యం చెయ్యాలి. అబద్ధపు సత్యం చేస్తే కన్నబిడ్డలకు తగులుతుందని మా నమ్మకం. మా ఆయన పళ్ళెంలో కర్పూరం వెలిగించాడు.

"అమ్మా, ఇప్పుడే కదా నా ఎదురుగా తింటివి?"

"లేదు నాయినా. తిన్లేదు."

"సత్తియం చేస్తావా?"

"చేస్తా. నాకేం బయం? తినింటే తింటినని చెప్పనా?"

ఆమె అరచేత్తో కొట్టింది. ఒక్క దెబ్బకు కర్పూరం ఆరిపోయింది. ఆమె చీర మీద రసం మరక ఇంకా తడిగానే ఉంది. నేను తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఒక్క మాట చాలు. నోరు తెరవలేదు.

కన్నకొడుకైన తన మీద పడాలనే అబద్ధపు సత్యం చేసిందని మా ఆయన ఆమెతో మాట్లాడడం మానేశాడు. ఆమెకు ఆ సత్యమూ గుర్తు లేదు. ఆయన పని నుంచి రాగానే ప్రతిరోజూ కొత్తగా, "నాయినా, నామీద ఏం కోపం?" అని అడిగేది. ఆయన చెప్పులు విడిచి లోపలికి పోయేవాడు. ఏళ్ళ తరబడి అదే. చివర్లో ఆమెకు కొడుకు పేరు కూడా పోయింది. ఎవరు గడప తొక్కినా, పాలవాణ్ణి కూడా, నామీద ఏం కోపమనే అడిగేది. అలా అడుగుతూనే పోయింది.

మొన్నామధ్య నా బీపీకి విరుదునగర్ వెళ్ళాను. ఆసుపత్రిలో కూర్చుని తమిళ పత్రిక తిరగేస్తే రెండు మెదళ్ళ బొమ్మలు కనబడ్డాయి. జబ్బు లేనిది నీలంగా ఉంది. రెండోదాంట్లో ప్రోటీను పేరుకున్న చోటల్లా ఎర్రగా వెలుగుతోంది. పై దేశాల్లో ఇప్పుడు బతికుండగానే చూడగలుగుతున్నారట. నాకు ఏడుపు ఆగలేదు. నిజం తెలుసుకోవడానికి నాకు ఆ బొమ్మ అక్కర్లేదు. నాకు ముందే తెలుసు.

మా ఇంట్లో ఇప్పటికీ కర్పూరం ఉండదు. తద్దినం నాడు కూడా మా ఆయన తేనివ్వడు. డాక్టరు మాట ఇప్పుడు చెబితే, తల్లితో మాట్లాడని ఆ ఏళ్ళ మౌనమంతా ఆయన నెత్తిన పడుతుంది. ఆయన మీద జాలితో చెప్పడం లేదని అనుకుంటూ వచ్చాను. జాలి కాదు, భయం. మా అత్త తనకు తెలిసిన నిజమే చెప్పింది. సత్యం తప్పింది నేను.

ఇంతవరకు రాశాక గొంతు కాస్త వదులైంది. మా ఆయన వచ్చి ఏం రాస్తున్నావని అడిగాడు. కాగితం ఆయన చేతికే ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేం రాతో, నాకొక్క అచ్చరం తెలీదు" అని తిరిగి ఇచ్చేశాడు.