అలైనర్లు, వేడినీళ్ళు

పన్ను మీద పన్ను మా వంశంలోనే ఉంది. నాకుంది, మా అమ్మాయికీ వచ్చింది. నాకెవరూ ఏమీ చేయించలేదు కాబట్టి, దానికి పద్నాలుగేళ్ళు రాగానే పియారా వాటర్స్‌లో మా ఇంటికి దగ్గర్లో ఉన్న, పళ్ళ వరస సరిచేసే ఆర్థోడాంటిస్టు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన రెండు దారులు చెప్పాడు. ఒకటి పళ్ళకు అతికించే లోహపు క్లిప్పులు, రెండోది అలైనర్లు, అంటే పైకి కనపడని ప్లాస్టిక్ తొడుగులు. క్లిప్పులైతే ఒకసారి బిగించాక వాటి పని అవి చేసుకుపోతాయి. తొడుగుల్ని మాత్రం తినేటప్పుడు తప్ప రాత్రీ పగలూ పెట్టుకోవాలి, రెండు వారాలకో జత మార్చాలి. అదంతా పిల్ల బాధ్యతే.

నా ఓటు క్లిప్పులకే. తిన్న కంచం తీయమంటే పదిసార్లు చెప్పించుకునే పిల్ల ఇదేం పెట్టుకుంటుందని నా అనుమానం. కానీ అది స్కూల్ బ్యాండ్‌లో ఫ్లూట్ వాయిస్తుంది. క్లిప్పులుంటే పెదవి సరిగా ఆనదని బతిమాలింది. చివరికి దాని మాటే నెగ్గింది.

శుభ్రం సంగతి నేను చూసుకుంటానన్నాను. క్లినిక్ వాళ్ళిచ్చిన చిన్న పుస్తకం తెరిచి కూడా చూడలేదు. నోటికి సంబంధించిన దేనికైనా మా ఇంట్లో ఒకటే వైద్యం, ఉప్పేసిన వేడినీళ్ళు. రోజూ పొద్దున అది టిఫిన్ తింటుంటే కెటిల్లో కాగిన నీళ్ళు గిన్నెలో పోసి, ఆ తొడుగుల్ని అందులో వేసేదాన్ని. పప్పుచారు పసుపు వదిలితే నాకదో తృప్తి.

నెల తర్వాత చూపించడానికి వెళ్ళాం. పళ్ళు అనుకున్నంత కదల్లేదని, తొడుగు సరిగా కూర్చోవడం లేదని, రోజంతా పెట్టుకోకపోతే ఇలా అవుతుంటుందని డాక్టరు మెత్తగా అన్నాడు. తిరిగొస్తుంటే కారులో అమ్మాయి, "నేను పెట్టుకుంటూనే ఉన్నానమ్మా, ప్రామిస్," అంది.

"అబద్ధాలు చెప్పకు," అన్నాను.

సాఫ్ట్‌వేర్‌లో తప్పెక్కడుందో పట్టుకోవడం నా ఉద్యోగం. ఆఫీసులో పది విధాల పరీక్షించనిదే ఎవరినీ ఒక్క మాట అనను. ఇంట్లో మాత్రం నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఆ రోజు నుంచి పూటపూటా నోరు తెరిపించి చూశాను. స్కూల్ బ్యాగు వెతికాను.

మరో రెండు నెలలకు పళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. కొత్త కొలతలు తీసుకుని తొడుగులు మళ్ళీ మొదలుపెడతారా, క్లిప్పులకు మారతారా అని డాక్టరు అడిగాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మాయి క్లిప్పులే కావాలంది. తప్పు ఒప్పుకున్నట్టే అని నేను లోలోపల సంతోషించాను కూడా. క్లిప్పులు వేశాక దాని ఫ్లూట్ పలకలేదు. కొన్నాళ్ళు తంటాలు పడి, ఏడాది చివరి కచేరీ నుంచి తనంతట తానే తప్పుకుంది. అప్పుడు కూడా, చేతులారా చేసుకుందిలే అనుకున్నాను.

మా ఆఫీసులో పక్క సీటావిడ ఈమధ్య అలైనర్లు పెట్టించుకుంది. ఒకరోజు లంచ్ తర్వాత వాటిని చన్నీళ్ళతో కడుగుతుంటే, ఉప్పేసిన వేడినీళ్ళలో వేస్తే మరకలు బాగా పోతాయని సలహా ఇచ్చాను. వేడి తగిలితే ఆ ప్లాస్టిక్ వంకరపోతుందని, అందులో పళ్ళు ఇక కదలవని, అది మొదటిరోజే చెప్తారని ఆవిడ మామూలుగా చెప్పింది.

మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్తే మాత్రం క్లిప్పులు ఊడి వస్తాయా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజానికి కూతురి ముందు తలొంచడానికి సిగ్గు.

నిన్న దాని క్లిప్పుల తీగ మళ్ళీ బిగించారు. నమలలేక పెరుగన్నం మెత్తగా కలుపుకుని తింటోంది. ఎదురుగా కూర్చుని చెప్పేశాను.

"తప్పు నాదే. నా వేడినీళ్ళకే అవి వంకరపోయాయి. నువ్వు అబద్ధం చెప్పలేదు."

అది చెంచా కిందపెట్టింది. కోప్పడుతుందనుకున్నాను, పడాలని కోరుకున్నాను.

"ఫస్ట్ మంత్ అబద్ధం చెప్పలేదు," అంది. "తర్వాత చెప్పాను. నువ్వెలాగూ నమ్మట్లేదు కదా, సో ఐ స్టాప్డ్. స్కూల్‌కి వెళ్ళగానే తీసేసేదాన్ని."

అబద్ధాలాడని పిల్లకు అబద్ధం నేర్పింది నేనేనని అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది. ఫ్లూట్ పోతుందని తెలిసీ మరి క్లిప్పులెందుకు అడిగావని మాత్రం అడగగలిగాను.

"అవైతే నువ్వు నన్ను నమ్మక్కర్లేదు కదమ్మా," అంది.