గెడ పట్టుకుని నిలబడ్డ మనిషి

నా పేరు నాంచారమ్మ. రేషన్ కార్డులో వయసు అరవై ఆరు. అసలు వయసు అంతకంటే ఎక్కువే ఉంటుంది. మాది కొల్లేటి మధ్యలో ఒక లంక. మా ఆయన పెద్దిరాజు కాలం చేశాడు. ఇంట్లో నేను, నా కొడుకు, కోడలు, మనవరాలు శ్రావణి ఉంటాం. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే శ్రావణి ఏలూరు నెట్ సెంటర్‌లో కూర్చుని ఇది టైపు చేస్తోంది. తన బ్లాగులో ఎప్పుడూ కొల్లేటి పక్షుల గురించి, పడవల గురించి రాసుకుంటుంది. చదివినవాళ్ళు కొందరు, తాడేపల్లిగూడెం దగ్గర టీవీ అయ్యగారి కాంపౌండు మళ్ళీ తెరిచారట, అక్కడికి ఎలా వెళ్ళాలి అని అడిగారట. ఎలా వెళ్ళాలో నేను చెబుతాను. అక్కడ ఏముందో కూడా చెబుతాను. అయ్యగారి పేరు రాయమన్నాను. "కేసు నడుస్తోంది మామ్మా, వద్దు" అంది శ్రావణి. సరే, టీవీలో ప్రార్థనతో రోగాలు నయం చేస్తానన్న అయ్యగారు అంటే చాలు, ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు.

నేను మొక్కు తీర్చుకోవడానికి వెళ్ళలేదు. మా పక్కింటి దుర్గ కోసం వెళ్ళాను. సర్కారువాళ్ళు చేపల చెరువుల గట్లు కొట్టేశాక దుర్గ మొగుడు పని వెతుక్కుంటూ నెల్లూరు వైపు రొయ్యల చెరువులకు పోయాడు. ఇంట్లో దుర్గ, నాలుగేళ్ళ కూతురు చిట్టి ఉంటారు. చిట్టికి ఫిట్స్. ఏలూరు పెద్దాసుపత్రి డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చింది. అవి వేస్తున్నంత కాలం పిల్ల బాగానే ఉంది. ఆ మధ్య ఒక ఆదివారం లోకల్ కేబుల్లో అయ్యగారి పాత ప్రోగ్రాం మళ్ళీ వేశారు. అందులో మా ఆయన ఉంటాడు. పక్షవాతం వచ్చిన మనిషి దోనె తోసే గెడ పట్టుకుని స్టేజీ మీద లేచి నిలబడతాడు, నేను పక్కనే ఏడుస్తూ ఉంటాను. అది చూసి దుర్గ పిల్లను ఎత్తుకుని గూడెం వెళ్ళిపోయింది. పొద్దున్నే వాళ్ళ తలుపుకి తాళం చూశాను. ఎదురింటామె సంగతి చెప్పగానే నేనూ బయలుదేరాను. ఎందుకంటే ఆ కాంపౌండు గేటు దగ్గర ఒక నీలం డ్రమ్ము ఉంటుంది. లోపలికి వెళ్ళేవాళ్ళు తమ మందులన్నీ అందులో పడేయాలి. మందు మింగితే దేవుడిని అనుమానించినట్టని అక్కడి కట్టుబాటు. మా ఆయన తన బీపీ మాత్రలు అందులోనే పడేశాడు. ఆ నెల దాటకుండానే పోయాడు.

మా లంక నుంచి ఏలూరుకు షేర్ ఆటోలు తెల్లవారుజామునే మొదలవుతాయి. ఆలస్యం చేస్తే చేపల ట్రేలతో నిండిపోయి మనిషికి చోటు దొరకదు. ఏలూరులో దిగి ముందు మందుల కొట్టుకు వెళ్ళాను. చిట్టి మాత్రలు తెచ్చేది ఎక్కువగా నేనే కాబట్టి కొట్టాయనకు తెలుసు, చీటీ లేకుండానే ఇచ్చాడు. వాటిని వక్కాకు సంచిలో, తమలపాకుల అడుగున దాచాను. శ్రావణికి ఆ రోజు పరీక్ష, తోడు రమ్మనలేకపోయాను. బస్సు కంటే పాసింజరు బండి చవక, టిక్కెట్టు పది రూపాయల లోపే. అయితే దెందులూరులో ఆగుతుంది, భీమడోలులో ఆగుతుంది, ఎక్స్‌ప్రెస్ పోవాలంటే పొలాల మధ్యలో కూడా ఆగుతుంది. ఆగిన ప్రతిసారీ పిల్ల నోటి వెంట నురగ వస్తున్నట్టే అనిపించింది. తొందరలో ఉన్నవాళ్ళు బస్సే ఎక్కండి.

గూడెం స్టేషన్ బయట వేడి వేడి పకోడీ వేస్తున్నారు. "తినండి మామ్మగారూ, మా ఊరొచ్చి పకోడీ తినకుండా పోతే ఎలాగండీ?" అన్నాడు బండి ఆయన. పొట్లం కట్టించుకుని సంచిలో పెట్టుకున్నాను. పక్కనే ఆటో ఉంది. డ్రైవరు పేరు మస్తాను, నలభై ఏళ్ళుంటాయి. ముప్ఫై రూపాయలకు ఒప్పుకున్నాడు.

"అయ్యగారి కాంపౌండా? ఇప్పుడక్కడేం మిగిలిందండీ?" అన్నాడు బండి తిప్పుతూ. "మొదట్లో ఆయన సైకిలుకి బ్యాటరీ మైకు కట్టుకుని మా వీధిలోకొచ్చేవారండి. ఎండలో వచ్చాడని మా అమ్మ మజ్జిగిచ్చేది. తర్వాత కేబుల్లో అరగంట ప్రోగ్రామండి. ఆ తర్వాత సొంత స్టూడియో, సొంత ఛానెలు, ఫారిన్ వాళ్ళ రాకపోకలు. ఆదివారమొస్తే మా ఆటోలకి ఖాళీ ఉండేది కాదండి."

"మరి ఎలా కూలింది?"

"కెమెరా ఆయనతో గొడవండీ. టీవీలో చూపించని ముక్కలన్నీ పట్టుకెళ్ళి న్యూస్ వాళ్ళకిచ్చేశాడు. ఒకటే ఆవిడండీ! భీమవరంలో గుడ్డిది, జంగారెడ్డిగూడెంలో కుంటిది, ఇక్కడికొచ్చేసరికి మూగది. మా ఆవిడ చూసి, లోకంలో రోగాలన్నీ ఈ మహాతల్లికే వచ్చాయేంటండీ అని పడీ పడీ నవ్వింది." అంతలో అతని నవ్వు ఆగిపోయింది. "తర్వాత పోలీసులు అయ్యగారు నడిపే అనాథ పిల్లల హోం తలుపులు తీశారండి. ఆ పిల్లల్ని ఆసుపత్రికి దింపిన ఆటోల్లో నాదీ ఒకటి. ఆ సంగతి మాత్రం అడక్కండి."

మలుపు తిరిగాక అతనే మళ్ళీ అన్నాడు. "అయ్యగారు జైల్లో ఉన్నారు గదా, ఇప్పుడు బావమరిది నడుపుతున్నాడండి. పాత క్యాసెట్లే వేస్తాడు. మీరూ నయం కావడానికేనా అండీ?"

"కాదు నాయనా. ఆ క్యాసెట్లో ఉన్నది నేనే."

అద్దంలోంచి నా మొహం కేసి చూశాడు. కాంపౌండు దగ్గర దింపి, "నేనిక్కడే ఉంటానండి. లోపలికెళ్ళాక గేటుకి గొలుసు వేసేస్తారు, ప్రార్థన అయ్యేదాకా తియ్యరు. జాగ్రత్తండీ" అన్నాడు.

గేటు లోపల తెల్లచీర కట్టిన ఒకావిడ నిలబడి ఉంది. పక్కనే ఆ నీలం డ్రమ్ము. "మందులుంటే వేసేయండమ్మా, అనుమానం లోపలికి తేకూడదు" అంది. తొంగి చూశాను. టానిక్కు సీసాలు, మాత్రల అట్టలు, ఆయాసానికి పీల్చుకునే గొట్టం ఒకటి. అన్నిటికంటే పైన ఒక పసుపు రిబ్బను. చిట్టి మాత్రల అట్టను దుర్గ ఎప్పుడూ ఆ పాత రిబ్బనులోనే చుట్టి పెడుతుంది. నా చెయ్యి దానంతట అది డ్రమ్ములోకి పోబోయింది, ఆపుకున్నాను. ఆవిడ నా వక్కాకు సంచి విప్పి, సున్నం వేలికి అంటుకునేసరికి చిరాకుపడి తిరిగిచ్చేసింది. అప్పుడు నా మొహం చూసింది. "మీరు గెడ తాతగారి భార్య కదూ!" అని కేకేసింది. బావమరిది పరుగెత్తుకుంటూ వచ్చి చేతులు జోడించాడు. అక్కడ అతన్ని బ్రదర్ గారంటారు. "దేవుడే పంపాడమ్మగారూ మిమ్మల్ని. ఈ రోజు సాక్ష్యం మీరే చెప్పాలి." నా వెనక గొలుసు పడిన చప్పుడైంది. కొల్లేట్లో గాలివానలకు నేను ఎన్నడూ జడవలేదు. ఆ గొలుసు చప్పుడుకి మాత్రం జడిశాను.

ఒకప్పుడు జనం పట్టని షెడ్డు అది. ఇప్పుడు సగం రేకులు లేచిపోయాయి, దూలాల మీద పావురాలు. గోడ మీద మా ఆయన బొమ్మ ఉంది, ఇంటికంటే ఎత్తుగా, చేతిలో గెడతో. గెడ అంటే దోనెను తోసే పొడవాటి వెదురు కర్ర. మా ఆయనకు ముందు పళ్ళు లేవు. బొమ్మ వేసినవాడు వరసగా అన్ని పళ్ళూ పెట్టి నవ్వించాడు. చచ్చిపోయిన నా మొగుడు ఇంకొకడి నోటితో నవ్వుతూ అందరినీ లోపలికి పిలుస్తున్నాడు. ఆ గోడ వైపు మళ్ళీ చూడలేకపోయాను.

ముందు వరసలో దుర్గ కనిపించింది. పిల్ల ఒళ్ళో వాలిపోయి ఉంది. "అత్తా! నువ్వూ వచ్చావా!" అని సంబరపడింది. "రాత్రి నుంచి చిట్టి చెయ్యి అదురుతోందత్తా. చెడు వదిలిపోతున్న గుర్తని బ్రదర్ గారు చెప్పారు."

"లేవ్వే. ఇంటికి పోదాం."

"అమ్మో, మధ్యలో లేస్తే పిల్ల దక్కదన్నారు. మావయ్య గెడ తిరిగి అడిగాడు కాబట్టే పోయాడట కదా?"

నేను ఏ భయంతో వచ్చానో, సరిగ్గా అదే భయంతో దుర్గ అక్కడ కూర్చుని ఉంది. మాత్ర వేయకపోతే పిల్ల పోతుందని నా భయం. వేస్తే పోతుందని దాని భయం.

అప్పట్లో పని చేసుకునేవాళ్ళు తమ పనిముట్టు తెచ్చి స్టేజీ మీద ప్రార్థన చేయించుకునేవారు. వలవాళ్ళు వల తెచ్చేవారు, టైలరు కత్తెర తెచ్చేవాడు. మా ఆయన గెడ తీసుకెళ్ళాడు, అయ్యగారు దాన్ని తిరిగివ్వకుండా అక్కడే ఉంచుకున్నారు. ఆ సంగతి దుర్గకు ఎలా విప్పి చెప్పాలా అనుకుంటుండగానే బ్రదర్ పెద్ద టీవీలో క్యాసెట్టు వేశాడు. మా ఆయన లేచాడు. జనం గొల్లున అరిచారు.

"దుర్గా, నువ్వు ఊహ తెలిసినప్పటి నుంచి దోనె తోసినదానివి. మొహం చూడకు. చేతులు చూడు, ఆ తర్వాత ఎడమ కాలు చూడు" అన్నాను.

చూసింది. "గెడ స్టేజీ చెక్కల సందులో దిగి ఉంది" అంది నెమ్మదిగా. "కాలి వేళ్ళు లోపలికి మడిచి ఉన్నాయి. బరువు కాలి మీద లేదత్తా, గెడ మీదుంది."

"ఇంటి దగ్గర కూడా అంతే. కాలు పడిపోయాక రోజూ నేనే దోనెలోకి ఎక్కించేదాన్ని. చేతిలో గెడ పెడితే సాయంత్రం దాకా నిలబడేవాడు."

టీవీలో అయ్యగారు గెడ అందుకున్నారు. వెంటనే బొమ్మ మారిపోయింది, జనం చప్పట్లు కొడుతున్నారు.

"గెడ తీసుకున్నాక మావయ్య ఎక్కడున్నాడత్తా?"

"నా ఒళ్ళో. కూలిపోతే పట్టుకున్నాను. అది చూపించరు."

అప్పుడే బ్రదర్ వచ్చి నా చేతికి మైకు ఇచ్చాడు. అప్పుడే చిట్టి ఒళ్ళు కొయ్యబారిపోయింది. కళ్ళు తేలేసి, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటోంది. "ఎవరూ ముట్టుకోకండి! వదిలిపోతోంది!" అని బ్రదర్ అరిచాడు. దుర్గ అతని వైపు చూడలేదు. పిల్లను పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టి, మెడ దగ్గర గౌను వదులు చేసింది. డాక్టరమ్మ నేర్పినదంతా దానికి గుర్తుంది. ఇక్కడికొచ్చాక చేయడానికి భయపడింది, అంతే. నేను మైకులో అన్నాను: "నేను పెద్దిరాజు పెళ్ళాన్ని. నా మొగుడు నడవలేదు. మాత్రలు ఆ డ్రమ్ములో పడేసి చచ్చిపోయాడు. గేటు తియ్యండి, పిల్లని ఆసుపత్రికి తీసుకుపోవాలి." బ్రదర్ వైరు లాగబోయాడు. "ముట్టుకో చూద్దాం, నీ బావ నా మొగుడి చేత వేలిముద్ర ఎలా వేయించుకున్నాడో కూడా చెబుతాను" అన్నాను. ఆ మైకు రోడ్డు దాకా వినిపిస్తుంది. బయట మస్తాను హారను నొక్కి పట్టుకున్నాడు. అది విని ఇంకెవరో ఆగారు, ఇంకో హారను మోగింది. తెల్లచీర ఆవిడే వచ్చి గొలుసు తీసింది. మేం దాటుతుంటే డ్రమ్ములోంచి రిబ్బను చుట్ట తీసి దుర్గ కొంగులో పడేసింది.

గూడెం ఆసుపత్రిలో సూది మందు వేశాక పిల్ల నిద్రపోయింది. కళ్ళు తెరిచేదాకా మేమిద్దరం ఒకరి చెయ్యి ఒకరం వదల్లేదు. పొద్దు వాలేవేళకు లేచి, "అమ్మమ్మా, పకోడీ వాసనొస్తోంది" అంది. సంచిలో పొట్లం చల్లారిపోయి ఉంది, తమలపాకుల అడుగున నేను దాచిన మాత్రలు అలాగే ఉన్నాయి. మస్తాను బాడుగ తీసుకోలేదు. మమ్మల్ని ఏలూరు బస్సెక్కించి వెళ్ళాడు.

చిట్టి ఇప్పుడు బాగుంది. నేనే బాగా లేను. పోయిన వారం ఇద్దరు మనుషులు మోటారు సైకిలు మీద మా లంకకు వచ్చి గెడ ముసలమ్మ ఇల్లు ఎక్కడని అడిగి వెళ్ళారు. కుక్క మొరిగితే లేచి కూర్చుంటున్నాను. నాకేమైనా అయితే, నేను మైకులో చెప్పింది నాతోనే పోతుంది. టీవీలో మా ఆయన మాత్రం వారం వారం లేస్తూనే ఉంటాడు. అందుకే ఇది రాయించాను. ఆయన గెడ పట్టుకుని ముప్ఫై ఏళ్ళకు పైగా మమ్మల్ని పోషించాడు. ఆ గెడను చూపించి ఇంకొకరి బిడ్డ నోటి దగ్గర మందు లాగేస్తుంటే నేను ఊరుకోను, భయమేసినా ఊరుకోను. వెళ్ళాలనుకుంటే వెళ్ళండి, ప్రార్థన చేసుకోవద్దని నేను చెప్పడం లేదు. మా లంకలో ఉన్న చిన్న చర్చి పాస్టరు గారే చిట్టికి మాత్ర వేశారా అని రోజూ అడిగి వెళతారు. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: డాక్టరు ఇచ్చిన మందు ఏ గేటు దగ్గరా వదలకండి, ఆటోను బయట ఉంచకుండా ఆ గేటు దాటకండి.

పైన ఉన్నదంతా శ్రావణి నాకు రెండుసార్లు చదివి వినిపించింది. అప్పట్లో ఆ కాంపౌండులో మా ఆయన చేత కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నప్పుడు ఎవరూ చదివి వినిపించలేదు. ఇది మాత్రం విని, సరేనని వేస్తున్నాను.

నాంచారమ్మ, ఎడమ చేతి బొటనవేలి ముద్ర (కాగితం మీద వేయించి స్కాన్ చేసి పెట్టాను: శ్రావణి)

సాక్షులు:
దుర్గ, చిట్టి తల్లి
మస్తాను, ఆటో డ్రైవరు, తాడేపల్లిగూడెం