నవ్వని బాబాయికి ఒక్క నక్షత్రం

ఆ బజారులో పరుపులు కుట్టే ఆయన్ని అందరూ నవ్వని బాబాయి అంటారు. చాటుగా కాదు, మొహం మీదే అంటారు. ఆయనా పలుకుతాడు. నవ్వడం చేతకాక కాదు పాపం, ఆ పని ఆయన వంతుకు రాలేదంతే. చిన్నప్పటినుంచీ ఆ శాఖ అన్నయ్య చూసుకునేవాడు. దుకాణం ఇద్దరూ కలిసే పెట్టారు. అన్నయ్య గుమ్మం దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్లను నవ్వించి లోపలికి లాగేవాడు. తమ్ముడు లోపల దూది ఏకి, గుడ్డలో నింపి, దబ్బనంతో కుట్టేవాడు. మూడు మూలలు ఎవరైనా కుడతారు. దూదంతా కూరాక ఆఖరున మూసే నాలుగో మూలే కష్టం, అది తమ్ముడిది. ఎప్పుడైనా కాస్త ఉబ్బెత్తుగా వస్తే అన్నయ్య దాన్ని తట్టి, "ఇది అలిగిందండోయ్, కాస్త బతిమాలి తీసుకెళ్లండి" అనేవాడు. జనం నవ్వి తీసుకెళ్లేవాళ్లు.

తర్వాత ఫోము పరుపులు వచ్చాయి. అన్నయ్య ఫోము అమ్ముదామన్నాడు. తమ్ముడు దూది తప్ప ఇంకోటి ముట్టనన్నాడు. మాటామాటా పెరిగింది.

"నీ మొహం చూసి ఒక్కడు కొంటాడేమో చూద్దాం" అన్నాడు అన్నయ్య.

"నవ్వే మొహం నీదేగా, పట్టుకుని పో" అన్నాడు తమ్ముడు.

ఆయన నిజంగానే పట్టుకుని పోయాడు. ఊరి రెండో చివర ఫోము దుకాణం పెట్టుకున్నాడు. అప్పుడు ఉయ్యాల్లో ఉన్న బాబాయి కూతురు ఇప్పుడు చదువు ముగించి దుకాణంలో కూర్చుంటోంది. అన్నదమ్ములు మాత్రం ఎక్కడైనా ఎదురుపడితే ఒకరు చెప్పులు చూసుకుంటారు, ఇంకొకరు ఆకాశం చూస్తారు. అన్నయ్య ఒక్కసారి "ఏరా" అంటే చాలని బాబాయి ప్రాణం కొట్టుకుంటుంది. మరి తనే వెళ్లి పలకరించవచ్చు కదా అంటారా? అబ్బే, ఆ తేలిక పని ఆ ఇంటావంటా లేదు.

ఇలా ఉండగా అమ్మాయి దుకాణానికి ఇంటర్నెట్‌లో పేజీ పెట్టింది. ప్రకటనలు వాటంతటవే రాసిపెట్టే పరికరం కూడా ఒకటి దొరికింది. పరుపు అని కొట్టగానే అది "మబ్బుల మీద తేలిపోండి" అని రాసిచ్చింది. బాబాయి కళ్లజోడు పెట్టుకుని చదివాడు.

"మబ్బుల్లో ఏముంటుందమ్మా?"

"నీళ్లుంటాయి నాన్నా."

"తడిసిన పరుపు ఎవరు కొంటారు?"

"మీ జీవితాన్నే మార్చేసే దిండు" అన్నదాన్నీ కొట్టేయించాడు. దాని బదులు, "మెడ నొప్పి తగ్గవచ్చు. తగ్గకపోవచ్చు కూడా" అని రాయించాడు. వ్యాపారం చేసేవాళ్లెవరూ ఇలా రాయరని అమ్మాయి నెత్తీ నోరూ బాదుకుంది. ఆ వాక్యాన్నే జనం ఒకళ్లకొకళ్లు పంపుకున్నారు. బాబాయి దూది ఏకుతున్న వీడియో పెడితే, కనుబొమల మీద దూది పింజలతో, ఏ భావమూ లేని ఆ మొహాన్ని ఎవరో కత్తిరించి బొమ్మ చేసి, కింద "మీటింగు ఇంకో గంట ఉందట" అని రాశారు. ఇంకెవరో "ఏమైందంటే ఏం లేదంది" అని రాశారు. అంతే, ఆ మొహం ఊరూరా తిరిగింది. కుర్రకారు ఫోటోల కోసం దుకాణానికి రావడం మొదలుపెట్టారు. బాబాయి ప్రతివాణ్నీ "కొలతలు చెప్పండి" అని అడిగేవాడు. వాళ్లు పడీపడీ నవ్వేవాళ్లు. కొలతలు అడిగితే నవ్వెందుకో ఆయనకు అంతుబట్టేది కాదు. నవ్వినవాళ్లలో కొందరు నిజంగానే కొన్నారు. ఆ మొహం చూసే కొన్నారు. ఆ సంగతి చెప్పి దెప్పిపొడుద్దామంటే అన్నయ్య ఎదురుగా లేడాయె.

ఒక పొద్దున పేజీలో ఒక్క నక్షత్రం పడింది. ఐదుకి ఒకటి. పేరు "నిద్రపట్టని జీవి". బొమ్మేమో ముడుచుకు పడుకున్న పిల్లి. కింద ఇలా ఉంది: "పరుపు చూశాను. మూడు మూలలు కులాసా. నాలుగోది అలిగింది. ఎన్నాళ్లయినా పలకడం లేదు."

బాబాయి చేతిలో దబ్బనం ఆగిపోయింది. పరుపు మూల అలిగిందనే మనిషి భూప్రపంచంలో ఒక్కడే ఉన్నాడు.

"ఎవడో పనీపాటా లేనివాడు నాన్నా. తీసిపారేస్తాను" అంది అమ్మాయి.

"వాడు అనకు. ఆయన అను."

"ఒక్క నక్షత్రం మొహాన కొట్టినవాడికి మర్యాద కూడానా?"

"ఒకటైనా ఇచ్చాడుగా. నేను చెబుతాను, జవాబు రాయి." బాబాయి గొంతు సవరించుకున్నాడు. "అయ్యా, నాలుగో మూల సంగతి మా దృష్టిలో ఉన్నది. అలక పాతది. మూల వైపు నుంచి దురుద్దేశమేమీ లేదు. ఇట్లు, యజమాని."

వారం తిరక్కుండా ఇంకో నక్షత్రం. "దిండు మెత్తగా ఉంది. ఎంత చెప్పుకున్నా వింటుంది. తిరిగి ఒక్క మాట అనదు. యజమాని పోలిక."

"అయ్యా, ముందుగా మాట్లాడే అలవాటు మా దిండ్లకు లేదు. పెద్దవారు పలకరిస్తే పలుకుతాయి. ఇట్లు, యజమాని."

ఈ ఉత్తరప్రత్యుత్తరాలు చదవడానికే జనం పేజీకి వచ్చేవాళ్లు. పరుపుల కోసం కాదు, ఈ తగువు కోసం. బాబాయి పొద్దున్నే దుకాణం తెరిచి, దూది ముట్టకముందే ఫోను అడిగేవాడు. ఆ పిల్లి బొమ్మ కనబడిన రోజు నాలుగో మూల చక్కగా కుదిరేది. అసలు సంగతి కూతురికి చెప్పలేదు. చెబితే అది ఊరుకుంటుందా? వెంటనే పెదనాన్న ఇంటికి పరిగెత్తి చెయ్యి పట్టి లాక్కొస్తుంది. ఆయన సిగ్గుపడి అసలు రాయడమే మానేస్తాడు. ఉన్న ఆ కాస్త మాటా పోతుంది. బాబాయి భయమంతా అదే.

అమ్మాయి బాధ అమ్మాయిది. వరసగా ఒంటి నక్షత్రాలు పడి దుకాణం సగటు దిగజారింది. వెతగ్గా వెతగ్గా ఒక కొత్త పరికరం దొరికింది. తక్కువ నక్షత్రాలు వేసినవాళ్లకు తనంతట తానే జవాబు చెబుతుంది, ఆ వెంటనే వాళ్ల రాతలు రాసినవాళ్లకు తప్ప ఇంకెవరికీ కనబడకుండా దాచేస్తుంది. బాబాయి పరుపులు దింపడానికి హాస్టలుకు వెళ్లినప్పుడు దాన్ని పెట్టేసింది. నాన్నకు చెబితే వద్దంటాడని చెప్పలేదు. ఇద్దరూ ఇద్దరే.

ఆ తర్వాత పిల్లి బొమ్మ కనబడలేదు. బాబాయి రోజూ ఫోను చూసి తిరిగి ఇచ్చేసేవాడు.

"నెట్ వస్తోందా?"

"భేషుగ్గా వస్తోంది. అన్నీ ఐదు నక్షత్రాలే నాన్నా!"

"ఒక్క నక్షత్రందేదీ లేదా?"

"ఒక్కటంటే ఒక్కటి కూడా లేదు" అంది అమ్మాయి గర్వంగా.

బాబాయి లోపలికి వెళ్లి కుట్టడానికి కూర్చున్నాడు. తన జవాబుల్లో ఎక్కడ నోరు జారానా అని ఒక్కొక్కటే తలచుకున్నాడు. దిండు మాటే ఆయనకు గుచ్చుకుని ఉంటుంది. పెద్దవాడు పలకరించాలట! ఎంత పొగరు, మనమే పలకరిస్తే ఏం పోయేది? కుట్టిన మూల విప్పి మళ్లీ కుట్టాడు. అదీ వంకరే వచ్చింది.

మధ్యాహ్నం ఆటో ఆగిన చప్పుడైంది. ఒక పెద్దాయన రొప్పుతూ లోపలికి వచ్చాడు. కాళ్లకు చెరో రకం చెప్పు. అమ్మాయి గబుక్కున లేచింది.

"పెదనాన్నా!"

"మీ నాన్న ఉన్నాడా?" అన్నాడాయన. "ఉన్నాడా లేడా? చెప్పవేం?"

బాబాయి తెర తీసుకుని బయటికి వచ్చాడు. జుట్టునిండా దూది, చేతిలో దబ్బనం. అన్నయ్య ఆయన్ని కిందనుంచి పైదాకా చూశాడు. గోడకు చేరగిలబడ్డాడు.

"ఏరా, నవ్వావా?"

అన్నేళ్ల తర్వాత మొదటి మాట అది.

"లేదే" అన్నాడు బాబాయి.

"మరి ఇదేమిటి?"

అన్నయ్య ఫోను చాపాడు. తెర మీద పిల్లి బొమ్మ, ఒక్క నక్షత్రం. "ఈమధ్య నిజంగానే నిద్ర పట్టడం లేదు. డాక్టరు దూది పరుపు మీద పడుకోమన్నాడు. ఏది తీసుకోవాలో నువ్వే చెప్పు." దాని కింద దుకాణం జవాబు: "వావ్! మీ ప్రేమకు వేల థాంక్యూలు! మీ నిద్రే మా చిరునవ్వు!" ఆ పక్కన కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుతున్న పసుపుపచ్చ మొహాలు బారులు తీరి ఉన్నాయి.

"నేను కాదు. యంత్రం" అన్నాడు బాబాయి.

"నువ్వు కాదని తెలుస్తూనే ఉందిరా! మా తమ్ముడు ఇన్ని పళ్లు బయట పెట్టడే అనుకున్నాను. నువ్వు పోయావేమో, దుకాణం ఇంకెవరో నడుపుతున్నారేమో, నాకు కబురు కూడా పెట్టలేదేమో అని..." ఆయన తన కాళ్లవంక చూసుకున్నాడు. "ఏ కాలికి ఏ చెప్పు తొడిగానో కూడా చూసుకోలేదురా."

అమ్మాయి ఫోను వంకా పెదనాన్న వంకా మార్చిమార్చి చూసింది. "ఆ నిద్రపట్టని జీవి మీరా?"

"మీ పెదనాన్నని కూడా" అన్నాడాయన ముక్కు తుడుచుకుంటూ.

బాబాయి లోపలికి వెళ్లి, కుట్టిన పరుపు ఈడ్చుకొచ్చి దుకాణం మధ్యలో పరిచాడు.

"పడుకో."

"ఇప్పుడా?"

"పరుపు కావాలన్నావుగా. చూడకుండా ఏం తీసుకుంటావు?"

అన్నయ్య పడుకున్నాడు. కాలితో తడిమి చూశాడు. "నాలుగో మూల ఇంకా అలిగే ఉందిరా."

"కాసేపు నీ బరువు పడనీ. సర్దుకుంటుంది."

ఇంకేదో అనబోయి అన్నయ్య కళ్లు మూసుకున్నాడు. కాసేపటికే గురక మొదలైంది. ఫోటో కోసం వచ్చిన కుర్రాళ్లు ఇద్దరు గుమ్మంలో నిలబడి, "బాబాయ్, ఒక్కసారి ఆ మొహం పెట్టండి" అన్నారు. బాబాయి పెట్టబోయాడు. కుదరలేదు. తెర చాటుకు వెళ్లి నిలబడ్డాడు. దూది పడిందని చెప్పి కళ్లు తుడుచుకున్నాడు.

అమ్మాయి మెల్లగా వెనకాలే వచ్చింది. "ఆ పరికరం తీసేశాను నాన్నా. పెదనాన్నకి మనమే జవాబు రాద్దామా?"

"రాయి. అయ్యా, మీ ఫిర్యాదు అందింది. ప్రస్తుతం మా దుకాణంలోనే పరీక్షలో ఉంది. గురకను బట్టి చూస్తే ఫలితం బాగానే ఉన్నట్టుంది. లేచాక మిగతాది మాట్లాడుకుందాం."

"ఇట్లు, యజమాని. అంతేనా?"

"యజమాని వద్దు" అన్నాడు బాబాయి. "తమ్ముడు అని పెట్టు."