ఒక డిగ్రీ తేడా కూర్మయ్య

ప్రపంచంలో ప్రతి వస్తువూ ఉండాల్సిన చోటికి ఒక డిగ్రీ పక్కన ఉందని కూర్మయ్య మావ నమ్మకం. గోడమీది క్యాలెండరు కానీ, టీకొట్టు బల్ల కానీ, మంగలి దిద్దిన నా మీసం కానీ, ఏదైనా సరే. తల కాస్త వాల్చి, ఎడమ కన్ను మూసి, ఒక్క క్షణం చూసి, "ఒక డిగ్రీ తేడా ఉన్నాది" అనేవాడు.

"పెళ్ళిసూపుల్నాడు నన్నూ అలగే సూసినాడు నాయినా," అని ఆయన భార్య లక్ష్మీనరసమ్మత్త ఓసారి నాతో చెప్పింది. "కన్ను కొడతన్నాడనుకోని మా అన్నయ్య కొట్టడానికి లేసిపోనాడు. తీరా సూస్తే మా ఇంటి గుమ్మం వంకరగున్నాదని సూస్తన్నాడంట."

విజయనగరం నుంచి గరివిడి వెళ్ళే రోడ్డులో ఆయన మెకానిక్ షెడ్డు. దాని పక్కనే నా ఇంటర్నెట్ సెంటరు. హుద్‌హుద్ తుఫాను రాకపోతే మా ఇద్దరికీ 'ఏం మావా, ఏం అల్లుడూ' అనుకోవడం తప్ప వేరే సంబంధం ఉండేది కాదు. ఆ తుఫానుకి బళ్ళు నీళ్ళలో నానాయి. బళ్ళతోపాటు వాటి ఇంజన్లని నడిపే కంప్యూటరు డబ్బాలూ నానాయి. పాత మోడళ్ళకి ఆ డబ్బాలు తయారుచెయ్యడం కంపెనీలు ఎప్పుడో మానేశాయి. మావ చెన్నై నుంచి, ఏ ఇంజనుకైనా సరిపోతాయనే వేరే రకం డబ్బాలు తెప్పించాడు. ఏ ఇంజనుకైనా సరిపోతుందంటే, ఏ ఇంజను గురించీ దానికి ఏమీ తెలీదని అర్థం. అన్నీ మనమే చెప్పాలి. చెప్పడానికి లాప్‌టాప్ కావాలి. అది నా దగ్గరుంది.

అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది క్రాంక్‌షాఫ్ట్ సంగతి. ఇంజను అడుగున తిరిగే ఆ ఇరుసు చివర ఒక పళ్ళ చక్రం ఉంటుంది. ముప్పై ఆరు పళ్ళకి చోటుంటే ముప్పై అయిదే ఉంటాయి. ఒకటి కావాలనే తీసేస్తారు. పక్కనున్న సెన్సారు ఆ పళ్ళని కనిపెడుతూ, బోసి చోటు రాగానే ఒక చుట్టు అయిందని డబ్బాకి కబురు చేరుస్తుంది. ఆ బోసి చోటు దాటాక ఎన్ని డిగ్రీలకి మొదటి పిస్టన్ పైకి వస్తుందో మనం అంకె వేసి చెప్పాలి. తప్పు చెబితే నిప్పురవ్వ వేళకాని వేళ పడుతుంది. ఇంజను దగ్గుతుంది, తంతుంది, ఒక్కోసారి పిస్టన్‌కే చిల్లు పడుతుంది.

ఇలాంటి పనికి అలాంటి మనిషి దొరకడం ఇంజన్ల అదృష్టం. నా సంగతి వేరు.

మొదటి బండి హరిబాబుగారి జీపు. "ముప్పై ఆరు పళ్ళు, ఒకటి లేదు. పుస్తకంలో ఉంది మావా," అన్నాను.

"పుస్తకం రాసినోడు ఈ జీపు సూసినాడేటి?" అని సుద్దముక్క పట్టుకుని జీపు కిందికి దూరాడు. ఒక్కో పంటికీ గుర్తు పెట్టుకుంటూ లెక్కపెట్టాడు. ముప్పై అయిదు వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టాడు. మూడోసారి నన్ను దూరమన్నాడు.

నిప్పురవ్వ పది డిగ్రీల దగ్గరే పడాలని లాప్‌టాప్‌తో డబ్బాకి చెప్పి, తిరిగే పుల్లీమీద, రవ్వ పడ్డప్పుడల్లా వెలిగే టైమింగ్ లైటు కొట్టాం. వెలుగు మిణుక్కుమన్నప్పుడల్లా పుల్లీమీది గీత పది దగ్గరే నిలబడినట్టు కనిపించింది. హరిబాబుగారు తాళాల కోసం చెయ్యి చాపారు.

"ఆగండి బావూ," అని మావ యాక్సిలరేటరు నొక్కించి ఎడమ కన్ను మూశాడు. "తేడా ఉన్నాది. గీత జరుగుతన్నాది."

నాకు జరిగినట్టు కనపడలేదు. హరిబాబుగారికీ కనపడలేదు. ఇంకాస్త నొక్కించాడు. అప్పుడు మాత్రం అందరికీ కనపడింది. ఇంజను వేగం పెరిగేకొద్దీ గీత మెల్లిగా పక్కకి పోతోంది. సెన్సారు వైర్లు రెండూ ఇటుదటు పడ్డాయి. వైర్లు మార్చి, అంకె మళ్ళీ సరిచేసి, ఎంత నొక్కినా గీత కదలకుండా నిలబడేసరికి సాయంత్రమైంది. హరిబాబుగారు మా బల్లమీదే ఒక కునుకు తీసి లేచారు.

ఆ తర్వాత మావ మాటకి ఎదురు చెప్పడం మానేశాను. గున్నమ్మ వ్యాన్ వచ్చేదాకా.

గున్నమ్మది భోగాపురం పక్క సముద్రపొడ్డున ఊరు. ఏభై దాటిన మనిషి. డ్రైవర్లతో పడలేక తనే లైసెన్సు తీసుకుని, పాత పెట్రోలు వ్యాన్‌లో రోజూ తెల్లవారేసరికి విజయనగరం బజారుకి చేపలు చేరవేసేది. ఉప్పుగాలికి ఆ వ్యాన్‌లోని కంప్యూటరు డబ్బా కూడా పాడైంది.

"బేగి సెయ్యి కూర్మయ్యా. రేపు నా కంటికి ఆపరేసను. ఎల్లుండికి బండి కావాల."

"ఆపరేసనైన మర్నాడే బండి తోల్తావేటి? డాకటరు ఏటన్నాడు?"

"పది రోజులు తోలొద్దన్నాడు. ఆడికేటి తెలుసు? రెండో కన్ను ఉన్నాది కదా."

మావ వ్యాన్ బానెట్ ఎత్తాడు.

మర్నాడే పని పూర్తి చేశాం. పళ్ళు లెక్కపెట్టాం, సెన్సారుకీ చక్రానికీ మధ్య సందు కొలిచాం, అంకె వేశాం, లైటు కొట్టాం. ఎంత నొక్కినా గీత మేకు కొట్టినట్టు నిలబడింది. ఆ సాయంత్రం గున్నమ్మ ఫోన్ చేసింది. "ఇంకా అవలేదు. ఒక డిగ్రీ తేడా ఉన్నాది," అన్నాడు మావ.

"ఎక్కడ మావా?" అని అడిగాను.

"నీకు కనపడదులే."

మూడోరోజూ అదే మాట, నాలుగోరోజూ అదే మాట. నా లాప్‌టాప్ మాత్రం అడగడం మానేశాడు. అది వింత. అంతకన్నా వింత, పొద్దున్నే షెడ్డుకి వచ్చేసరికి ఆయన ఒంటిమీంచి చేపల వాసన.

"ఏంటి మావా ఈ వాసన?"

"వైరు కాలినాది. రబ్బరు కాల్తే అలగే వస్తాది."

నేను ఇరవయ్యేళ్ళుగా కరెంటు వైర్లు కాల్చుకుంటున్నవాణ్ణి. ఏ వైరూ వంజరం చేపలా కాలలేదు.

ఆదివారం తెల్లవారుతూనే బజారుకి వెళ్ళాను. అక్కడ గున్నమ్మ వ్యాన్ ఉంది. వెనక తలుపు తీసి, తలకి తువ్వాలు చుట్టుకుని, ఐసు నీళ్ళు కారుతున్న గంపలు దించుతున్న మనిషి కూర్మయ్య మావ. పక్కన గున్నమ్మ తమ్ముడు ఎర్రన్న చేపలు అమ్ముతున్నాడు.

"మావా!"

ఉలిక్కిపడ్డాడు. వెంటనే సర్దుకున్నాడు. "లోడు మీద సూస్తన్నాను. లోడు మీద సూడకపోతే ఎలగ తెలుస్తాది?"

"చేపల లోడా?"

"లోడంటే లోడే."

ఎర్రన్న నవ్వు ఆపుకోలేక గంప కింద పెట్టేశాడు. మావ నన్ను పక్కకి లాగాడు.

"సూడు అల్లుడూ. కన్ను బాగోలేదంటే ఆ మనిసి ఊరుకోదు. బండి బాగోలేదంటే ఊరుకుంటాది. డాకటరు పది రోజులన్నాడు. ఇయాలికి ఆరు. మరి నాలుగు రోజులు నోరు మూసుకో."

"మరి ఈ చేపలు?"

"అద్దె బండి పెట్టినామని ఆ మనిసికి ఎర్రన్న సేత సెప్పించినాను. సేప ఆగదు కదా. రోజూ తెల్లారకుండా ఎల్లి తెస్తన్నాను." అని తల గోక్కుని, "ఆ ఐసు ఒకటి నడుం మీద పడిపోతన్నాది," అన్నాడు. నేను రెండో గంప అందుకున్నాను.

పదకొండోనాడు గున్నమ్మ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని షెడ్డుకి వచ్చింది. పరీక్ష చేసిన డాక్టరు బాగుందన్నాడట. మావ తాళాల కోసం లోపలికి వెళ్ళాడు. నాకు మనసాగలేదు.

"అమ్మా, ఒక మాట చెప్పాలి. ఈ బండి నిజానికి..."

"రెండో రోజే బాగైపోనాది. తెలుసు బావూ."

నేను నోరు తెరిచాను.

"కంటికి గంత కట్టినారు గానీ సెవులకి కట్టలేదు కదా," అంది గొంతు తగ్గించి. "తెల్లారగట్ల మా ఇంటెనకాల నుంచి నా బండి ఎల్తంటే నాకు తెలీదేటి? మొదటి రోజైతే కర్ర పట్టుకోని లేసినాను, దొంగోడనుకోని. కిటికీలోంచి సూస్తే కూర్మయ్య. సప్పుడవకూడదని లైట్లార్పీసి, మా ఊరి కుక్కల్ని బతిమాలుకోని పోతన్నాడు."

"మరి ఫోన్‌లో రోజూ తిట్టేదానివి కదా, బండి ఎప్పుడిస్తావని?"

"తిట్టకపోతే ఆడికి అనుమానం రాదేటి?" అని చీరచెంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. "ఒక్క అబద్దం తిన్నగ ఆడలేని మనిసి. నాకోసం పది రోజులు కట్టపడి ఆడినాడు. తెలిసిపోనాదని సెప్పీసి ఆడి మొకం సిన్నబుచ్చీమంటావేటి? నువ్వూ సెప్పకు."

మావ తాళాలు తెచ్చాడు. ఎక్కడ తేడా వచ్చిందో, ఎలా పట్టుకున్నాడో చాలా సేపు వివరించాడు. సెన్సారన్నాడు, చక్రమన్నాడు, బోసి చోటన్నాడు. గున్నమ్మ హరికథ వింటున్నట్టు తల ఊపుతూ అంతా విన్నది. తర్వాత బండెక్కి తాళం తిప్పింది. పది రోజులుగా తిరుగుతున్న ఇంజను ఎప్పటిలాగే అందుకుంది.

"ఓలమ్మా!" అంది గున్నమ్మ, అద్దం దించి. "ఏటి కూర్మయ్యా ఇది! బండి ఉన్నాదో లేదో తెలీనంత మెత్తగ ఉన్నాది!"

మావ నా వైపు తిరిగి, ఛాతీ కొంచెం ముందుకు పెట్టి, "సూసినావా అల్లుడూ?" అన్నాడు.

చూశానన్నాను.