కిరాయి లంగోటి

పోయిన నెల మా అమ్మాయి పనిచేసే కంపెనీవాళ్లు ఉద్యోగుల తల్లిదండ్రులకు ఉచితంగా ఒళ్లంతా పరీక్షలు చేయిస్తామన్నారని, నేను వద్దంటున్నా వినకుండా నన్ను హైటెక్ సిటీలో ఒక అద్దాల ఆస్పత్రికి తీసుకుపోయింది. అక్కడ ఒక నర్సమ్మ ప్లాస్టిక్ సంచి చేతికిచ్చి లోపలికి పోయి ఇది వేసుకుని రమ్మన్నది. చింపి చూస్తే పలుచటి నీలిరంగు గౌను. నేను దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "అమ్మా, నాకన్నా ముందు దీన్ని ఇంకెవరన్నా కట్టుకున్నరా?" అని అడిగాను. ఆ పిల్ల నవ్వాపుకోలేక, "సీల్ మీరే చింపారు కదా అంకుల్" అన్నది. అక్కడ కూర్చున్నవాళ్లంతా నవ్వారు. మా అమ్మాయి తల దించుకుంది. తిరిగి వచ్చేటప్పుడు కారులో ఎందుకట్లా వాసన చూశావని అడిగితే, చెబుదామని నోరు తెరిచి కూడా చెప్పలేకపోయాను.

అందుకే ఇది రాస్తున్నాను. నాతోపాటు ఒకప్పుడు ఒక వరసలో నిలబడ్డవాళ్లు ఎక్కడ ఉన్నా ఈ సంగతి నోరు విప్పి చెప్పరని నాకు తెలుసు. మా తర్వాత పుట్టిన పిల్లలేమో ఈ నేల ఎప్పుడూ ఇట్లా నున్నగా, ఏ వాసనా లేకుండానే ఉండేదనుకుంటున్నారు. ఒకరన్నా రాసిపెట్టకపోతే ఆ వాసన మాతోనే పోతుంది. పోతే నష్టమేమీ లేదనేవాళ్లూ ఉంటారు. సంగతి అసహ్యమైనదే, కాబట్టి అన్నానికి కూర్చునే ముందు చదవకండి.

నేను బడిలో చదివింది పదో తరగతి దాకానే. మిగతా చదువంతా లింగంపల్లి గ్రంథాలయంలో, కాలు ఊగే ఒక బెంచీ మీద జరిగింది. చరిత్ర, భూగోళం, వైద్యం, ఖగోళం అని తేడా లేకుండా బీరువాలో ఏ పుస్తకం చేతికొస్తే అది చదివేవాణ్ణి, చదివినదాన్ని ఇంట్లో అడగనివాళ్లకు కూడా చెప్పేవాణ్ణి. కొన్ని దేశాల్లో వయసొచ్చిన ప్రతి మగపిల్లవాడూ సైన్యంలో చేరి తీరాలని చట్టం ఉంటుందని అక్కడే చదివాను. మన దేశంలో అట్లాంటి చట్టం లేదు. కాని మా ఇంట్లో ఉండేది.

ఆ చట్టం మా పెద్దనాయనది. ఆయన మిలటరీలో పనిచేసి వచ్చిన మనిషి. నా చిన్నప్పుడే నాయన పోవడంతో నన్నూ మా అమ్మనూ ఆయనే సాకాడు. పద్దెనిమిది దాటిన ప్రతివాడూ మిలటరీ భర్తీకి పోవాలె, డాక్టరు ముందర నిలబడాలె, పాసైతే సంచి సర్దుకోవాలె, అంతే. ఆయన సొంత కొడుకు, అంటే మా అన్న, నాకన్నా ముందు పోయి పాదాలు చదునుగా ఉన్నాయని తిరిగొచ్చాడు. ఆ రోజు నుంచి ఆయన కొడుకును పేరుతో పిలవడం మానేశాడు. "ఏడున్నడు మన అన్‌ఫిట్?" అనేవాడు. బువ్వ తినేటప్పుడు, చుట్టాలొచ్చినప్పుడు, ఆఖరికి అన్నకు పిల్లనిచ్చేందుకు వచ్చినవాళ్ల ముందు కూడా అదే పేరు. అన్న అప్పుడు మాదాపూర్ గుట్టలను పేల్చిన రాళ్లు మోసే టిప్పర్ నడిపేవాడు. కొత్త కంప్యూటర్ బిల్డింగుల కోసం ఆ గుట్టలను రోజూ పేల్చేవారు, మా ఇంట్లో గిన్నెలు కదిలేవి. అన్న దుమ్ము కొట్టుకుని వచ్చి, అందరూ తిన్నాక అరుగు మీద ఒక్కడే తినేవాడు. వాడిని చూసి నేను ఒకటే అనుకునేవాణ్ణి. మిలటరీ దొరికినా దొరకకున్నా సరే, ఆ పేరు మాత్రం నాకు రాకూడదు.

నా వంతు తొంభైల చివర్లో వచ్చింది. గచ్చిబౌలి వైపు, అప్పటికింకా తుమ్మచెట్లూ బండలూ తప్ప ఏమీ లేని ఒక మైదానంలో భర్తీ పెట్టారు. పెద్దనాయన నెలల ముందు నుంచే నన్ను రైలు పట్టాల వెంబడి ఉరికించాడు, ఛాతీ ఎట్లా పొంగించాలో నేర్పాడు, పచ్చి గుడ్లు తాగించాడు. అమ్మ నా కోసం కొత్తగా చారల బట్టతో మోకాళ్ల దాకా ఉండే డ్రాయరు కుట్టించింది. అంతా సిద్ధం చేశామనుకున్నాం.

మైదానం గేటు ముందు ఒక చిన్న జాతర నడుస్తున్నది. బరువు తక్కువున్న పిల్లలు బండి దగ్గర నిలబడి డజన్ల కొద్దీ అరటిపండ్లు మింగి, మీద చెంబుడు నీళ్లు తాగి, తూకం దాకా ఆగలేక గోడ పక్కన కక్కుకుంటున్నారు. చెవిలో గుబిలి ఉంటే వెనక్కి పంపుతారని ఎవరో అంటే, చెవులు శుభ్రం చేసే సాయిబు ముందు తలలు వంచుకుని కూర్చున్నారు. ఆయన తీసిన గుబిలిని తన ముంజేతి మీదే రాసుకుంటూ పోతున్నాడు. తొక్కలు, కక్కు, చెమట, మీద ఈగలు. నేను ముక్కు మూసుకుని దాటుకుంటూ పోయి పరుగులో గెలిచాను. కొలతల్లోనూ గెలిచాను. ఇక మిగిలింది డాక్టరు పరీక్ష. ఆ పూటే, పక్కనున్న ఖాళీ బడి గదుల్లో.

అక్కడ వరసలు సరిచేసే మనిషి నా డ్రాయరు చూసి నన్ను బయటికి లాగాడు. మోకాళ్లు, తొడలు, గజ్జలు అన్నీ డాక్టరుకు కనబడాలట. లంగోటి ఉంటే లోపలికి, లేకుంటే ఇంటికి. నాలాంటి డ్రాయరుగాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. అందరం గేటు వైపు ఉరికాం. ఉరికితే అక్కడ, మా కోసమే పుట్టినట్టు, ఒక మనిషి సైకిలు స్టాండు వేసుకుని ఉన్నాడు. హ్యాండిలు నిండా ఎర్ర లంగోట్లు. అమ్మకానికి కాదు, కిరాయికి. హైదరాబాదులో సైకిలు కిరాయికి దొరికేది, షామియానా దొరికేది, పెండ్లికొడుకు షేర్వానీ దొరికేది. లంగోటి కూడా దొరుకుతుందని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. లంగోటి వాపసు ఇచ్చేదాకా జమానతుగా ప్యాంటు వాని దగ్గర పెట్టి పోవాలి.

మొదట్లో వాడు వాపసు వచ్చినదాన్ని పక్కనున్న బకెట్లో ఒకసారి ముంచి, పిండి, ఇంకొకరికి ఇచ్చేవాడట. నా వంతు వచ్చేసరికి గిరాకీ పెరిగి బకెట్ సంగతి మర్చిపోయాడు. లోపలి నుంచి వచ్చినవాడు గోడచాటున విప్పి ఇస్తున్నాడు, వీడు తీసుకుని ముందున్నవాడి చేతిలో పెడుతున్నాడు. నా చేతిలో పెట్టింది తడిగా ఉంది. తడి చల్లగా ఉంటే నీళ్లని సర్ది చెప్పుకునేవాణ్ణి. అది వెచ్చగా ఉంది.

"పొడిది లేదా అన్నా?" అన్నాను.

"పొడిది గావాల్నా దొరగారికి? ఇస్త్రీ గూడ చేసియ్యాల్నా? ఎనక ఎందరున్నరో జర సూడు. కట్టుకుంటే కట్టుకో, లేకుంటే జరుగు."

నా వెనకున్నవాడు అప్పటికే చెయ్యి చాపాడు. "నీకొద్దంటే నాకియ్యి భాయ్, గీ తడికే సస్తమా?"

అంతకు ముందు ఏడాదే గ్రంథాలయంలో చర్మరోగాల పుస్తకం ఒకటి ఆసాంతం చదివి ఉన్నాను. ఒకరి లోబట్ట ఇంకొకరు కట్టుకుంటే ఏమవుతుందో, శిలీంధ్రం అనేది చెమట పట్టిన మడతల్లో ఎట్లా కాపురం పెడుతుందో బొమ్మలతో సహా చూశాను. శిలీంధ్రం అనే మాట ఆ గేటు దగ్గర ఉన్న అంతమందిలో నాకొక్కడికే తెలుసునని ఇప్పటికీ పందెం కడతాను. అది తెలిసే కట్టుకున్నాను. అరుగు మీద ఒక్కడే తినే మా అన్న కళ్ల ముందు మెదిలాడు, కట్టుకున్నాను. ముడి దగ్గర ఎవరిదో వెంట్రుక ఉంది.

లోపల జరిగినది పొడుగ్గా రాయను. ఒకరి వీపుకు ఒకరి పొట్ట తగిలేటట్టు నిలబెట్టారు. ముందున్నవాడి చెమట నా ఛాతీ మీద కారింది, నాది నా వెనకవాడి మీద. ఊదారంగు సిరాతో ముంజేతి మీద అంకె వేశారు. నోరు తెరువు, నాలుక చాపు, మోకాళ్లు కలుపు, వంగు. వంగినప్పుడు వెనక ఒకడు కిసుక్కుమన్నాడు, గది అంతా నవ్వింది. ఆఖరున ఆ లంగోటి కూడా పక్కకు జరిపి, డాక్టరుగారు హెర్నియా ఉందేమోనని గజ్జల్లో వేళ్లు పెట్టి దగ్గమన్నారు. దగ్గాను. ఆయనను తప్పుపట్టను, పొద్దటి నుంచి ఆ గాలినే పీలుస్తూ, అవే ఒళ్లను తాకుతూ, ఆయన ముఖం కూడా నా ముఖంలాగే ముడుచుకుని ఉంది. అంగట్లో ఎద్దునైనా నోరు తెరిచి పండ్లు చూసినాక మెడ నిమురుతారు, మమ్మల్ని "ఫిట్, నెక్స్ట్" అన్నారు. ఆ మాట కోసమే అంత చేసినవాణ్ణి, విన్నాక సంతోషం కలగలేదు. నీళ్ల కుళాయి ఎక్కడుందో వెతుక్కుంటూ పోయాను.

ఇంట్లో మాత్రం పండగే. రెండు వారాల తర్వాత పెద్ద దవాఖానలో ఇంకొక పరీక్ష ఉందని, అది కూడా దాటాలని నేను చెబుతున్నా వినకుండా పెద్దనాయన కోడిని కోయించాడు. నన్ను తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అంతటితో ఆగక, మిలటరీ నుంచి తెచ్చుకుని ఎవరినీ ముట్టనివ్వని తన మందపాటి తువ్వాలు ఉండేది, "ఇగ నువ్వు గూడ గిదే వాడుకో" అన్నాడు. మా ఇంట్లో అంతకన్నా పెద్ద సన్మానం లేదు.

కొన్ని రోజులకే తొడల సందున దురద మొదలైంది. ఎర్రగా, గుండ్రంగా, అంచు పొక్కులతో, పుస్తకంలో బొమ్మ దించినట్టు తామర వచ్చింది. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. నిమ్మరసం రాసుకుంటే ప్రాణం పోయినంత పనయింది. వేపాకు ఉడకబెట్టిన నీళ్లు పోసుకున్నాను. నా నడక చూసి కనిపెట్టింది మా అన్నే. ఒక మాట అనకుండా మెడికల్ షాపులో గంధకం మలాము తెచ్చి నా సంచిలో పడేసి, "జల్ది తగ్గించుకో తమ్మీ, అరుగు మీద నా పక్కకు వస్తవ్ లేకుంటే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని, నాకు నవ్వు రాలేదు.

తగ్గలేదు. పెద్ద దవాఖానలో అంతా శుభ్రంగా ఉంది, పరదా ఉంది, డాక్టరు మర్యాదగా మాట్లాడారు. చూశారు, ఎట్లా వచ్చిందని అడిగారు, చెమటకని అబద్ధం చెప్పాను. నయమయ్యాక మళ్లీ రమ్మని తేదీ ఇచ్చి కాగితం మీద రాశారు. తాత్కాలికమే, కాని మాట మాత్రం అదే మాట. అన్‌ఫిట్.

లింగంపల్లిలో బస్సు దిగి ఇంటికి ఎట్లా నడిచానో గుర్తు లేదు. వాకిట్లో అడుగు పెట్టేసరికి పెద్దనాయన కుర్చీలో కూర్చుని, అటు ఇటు చూసి, పంచె మీద నుంచి గోక్కుంటున్నాడు. నన్ను చూసి చెయ్యి తీసేశాడు. ఒక నిమిషం కూడా ఆపుకోలేక మళ్లీ గోక్కున్నాడు. ఏమైందని అడిగాడు. చెప్పాను. ఎందుకని అడిగాడు. లంగోటి సంగతి, సైకిలు సంగతి, వెచ్చటి తడి సంగతి, అమ్మ వింటున్నదని కూడా చూడకుండా అంతా చెప్పాను. చెబుతుంటే ఆయన చూపు దండెం మీది తువ్వాలు వైపు పోయింది. అప్పుడే టిప్పర్ ఆపి వచ్చిన అన్న, గుమ్మం దగ్గర నిలబడి అంతా విని, ఆయనను పై నుంచి కింది దాకా చూశాడు.

"గట్లనా నాయినా? అయితే ఇగ నువ్వు గూడ అన్‌ఫిటే."

పెద్దనాయన లేస్తాడు, కొడతాడు అనుకున్నాం. ఆయన లేవలేదు. భుజాలు కదిలాయి, దగ్గనుకున్నాం, నవ్వు. గోక్కుంటూ నవ్వాడు, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. తర్వాత నేను ధైర్యం చేసి, అంత నేర్పించినవాడివి లంగోటి కావాలన్న ఈ ఒక్కటి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఎట్ల చెప్పాల్రా," అన్నాడు. "మమ్మల్ని గట్లనే నిలబెట్టిన్రు. నౌకరీ అంత గుర్తున్నది, గా దినం ఒక్కటి మర్సిపోవాలనుకున్న. అండ్ల నిలబడినోన్ని అని కొడుకులకు ఎట్ల చెప్పుకోవాలె?"

ఆ పూట అన్న తెచ్చిన మలాము డబ్బాను, అంటకముందే రాసుకుంటానని అన్న కూడా చేరి, ముగ్గురం వంతులేసుకుని వాడుకున్నాం. అన్నం దగ్గర ఆయన అన్నను పేరుతో పిలిచాడు. ఆ పేరు ఇంట్లో వినబడి ఎన్నేళ్లయిందో, అన్న మొదట పలకలేదు, రెండోసారి పిలవాల్సి వచ్చింది. మళ్లీ రమ్మన్న తేదీ వచ్చింది, పోయింది. ఎవరూ గుర్తు చేయలేదు. నా తర్వాత వయసుకొచ్చిన మా ఇంటి పిల్లలెవరూ ఆ వరసలో నిలబడలేదు. నేను, అన్న టిప్పర్‌తో రాళ్లు తీసిన చోటే లేచిన బిల్డింగులో స్టోర్ రూములో కుదిరి, బతుకంతా అక్కడే గడిపాను.

ఆ మైదానం ఇప్పుడు ఏ బిల్డింగు కింద ఉందో గుర్తుపట్టలేను. ఆ రోజులు తిరిగి రావాలని నాకు ఏ కోశానా లేదు. ఎవరి స్నానాల గది వారిది కావడం, ఎవరి జబ్బు వారిది కావడం మంచిదే. పోయిన నెల చేసిన పరీక్షల ఫలితాలు నేరుగా నా ఫోనుకే వచ్చాయి, వేరేవాళ్లు చూడకుండా తాళం కూడా ఉంది. వాటిలో ఒకటి రెండు బాగాలేవు. ఇంట్లో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. పక్కపక్క గదుల్లో నిద్రపోతున్నాం. ఒకరి అవమానం ఇంకొకరికి అంటుకోకుండా కాపాడుకోవడం నేర్చుకున్నాం. దానితోపాటు ఆ నవ్వు కూడా పోయింది.

ఇంతదాకా ఎవరి పేరూ రాయలేదు. రుణపడ్డవాళ్ల పేర్లు రాయకుండా ముగించడం న్యాయం కాదు. పదో తరగతివాడినని చూడకుండా పెద్ద పుస్తకాలున్న బీరువా తాళం నా చేతికిచ్చిన గ్రంథాలయం సుజాతమ్మగారికి, ఇంటిల్లిపాది బట్టలూ వారం రోజులు ఉడకబెట్టి ఒక్క ప్రశ్న వేయని మా అమ్మ లక్ష్మమ్మకు, మలాము తెచ్చిన మా అన్న మల్లేశానికి నా దండాలు. మా ఇంట్లో పెద్దల పేర్లు నోటితో పలకరు, నేనూ ఏనాడూ పలకలేదు. కాగితం మీద రాస్తే తప్పు కాదనుకుంటాను. మా పెద్దనాయన పేరు రాజయ్య.